సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్: కొనే ముందు, కొన్నాక అందరూ అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో 2014 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ ఉంది. నేను దానికి రెండో ఓనర్‌ని. మెకానిక్‌ని కాదు, కానీ షెడ్డుల్లో స్టూల్ మీద కూర్చుని టీలు తాగుతూ గడిపిన గంటలు లెక్కేస్తే సగం డిప్లొమా ఇవ్వొచ్చు. బంధువుల్లో ఎవరు పాత కారు కొంటున్నా ఆదివారం పొద్దున్నే నాకు ఫోన్ వస్తుంది. ప్రశ్నలు మారవు, అడిగేవాళ్లే మారతారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఇదంతా 2011 ఆగస్టు నుంచి 2018 మొదట్లో కొత్త మోడల్ వచ్చేదాకా అమ్మిన రెండో తరం స్విఫ్ట్ గురించి. అదే కాలపు డిజైర్‌కూ చాలావరకు సరిపోతుంది. ఖర్చులు హైదరాబాద్‌లో బయటి షెడ్డుల్లో నేను కట్టినవి, తెలిసినవాళ్లు కట్టినవి. పార్టు, లేబర్ కలిపి చెప్పాను. మీ ఊళ్లో కొంత అటూ ఇటూ ఉంటుంది.

## కొనాలనుకుంటున్నప్పుడు

పెట్రోల్ తీసుకోవాలా, డీజిల్ తీసుకోవాలా?

నెలకు 1,500 కిలోమీటర్లు దాటకపోతే పెట్రోలే. 1.2 లీటర్ల కే సిరీస్ ఇంజిన్ మొండిది. టైమింగ్ బెల్ట్ కాకుండా చైన్ ఉంటుంది కాబట్టి ఇన్ని వేలకోసారి బెల్ట్ మార్చే గొడవ లేదు. వేళకు ఆయిల్ మారిస్తే లక్షన్నర కిలోమీటర్లు పెద్ద పని లేకుండా తిరిగినవి నేనే చాలా చూశాను.

డీజిల్‌ది ఫియట్ డిజైన్ చేసిన 1.3 లీటర్ల ఇంజిన్. మైలేజీ బాగుంటుంది, హైవే మీద హాయిగా లాగుతుంది. కానీ టర్బో, ఇంజెక్టర్లు, హై ప్రెజర్ పంపు ఉన్న బండి అది. వాటిలో ఏది పోయినా బిల్లు వేలల్లో మొదలై పదివేల మెట్లలో ఎక్కుతుంది. రోజూ పిల్లల స్కూలుకి, కూరగాయల మార్కెట్‌కి తిప్పే ఇంటికి పాత డీజిల్ అంటగట్టడం నాకు నచ్చదు. చిన్న చిన్న దూరాలకు ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, మసి పేరుకుంటుంది.

ఏ సంవత్సరం మోడల్ చూడాలి?

2015 నుంచి 2017 మధ్యవి చూడండి. 2014 చివర్లో కాస్త రూపు మార్చి విడుదల చేశారు. 2011, 2012 బండ్లు చవకే కానీ 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముంగిట్లో ఉన్నాయి.

ఏడాది కన్నా వేరియంట్ ముఖ్యమని నా అభిప్రాయం. అప్పట్లో కింది వేరియంట్లకు ఎయిర్‌బ్యాగులు ఉండేవి కావు. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను ఢీకొట్టించి చూస్తే పెద్దవాళ్ల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. యాభై వేలు ఎక్కువైనా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నదే వెతకండి. అలాయ్ వీల్స్ తర్వాత వేయించుకోవచ్చు, ఎయిర్‌బ్యాగులు వేయించుకోలేం.

కారు ధర కాకుండా ఇంకెంత చేతిలో ఉంచుకోవాలి?

పెట్రోల్‌కు 40 వేలు, డీజిల్‌కు 60 వేలు. చాలామంది ఉన్నదంతా ఊడ్చి కారు ధర కట్టేస్తారు. నెల తిరక్కుండా టైర్లు అరిగాయని, బ్యాటరీ పోయిందని తెలిసి లబోదిబోమంటారు. బడ్జెట్ నాలుగు లక్షలైతే మూడు లక్షల అరవైలో కారు చూడండి. ఆ నలభై వేలు ఇవాళ కాకపోతే ఆరు నెలల్లో ఆ బండికే ఖర్చవుతాయి.

ఢిల్లీ కార్లు లక్ష తక్కువకు వస్తున్నాయి. తీసుకోవచ్చా?

తక్కువకు రావడానికి కారణం ఉంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2014, 2015లలో జాతీయ హరిత ట్రైబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు) అంది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అమలు ఎన్ని మలుపులు తిరిగినా పాత డీజిళ్లు మాత్రం దక్షిణాదికి దిగుతూనే ఉన్నాయి.

బండి చెడ్డది కాకపోవచ్చు. లెక్కే తేడా వస్తుంది. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, రీ రిజిస్ట్రేషన్, కొత్త నంబర్ ప్లేట్లు, ఏజెంటు ఖర్చు. ఇవన్నీ కాగితం మీద కూడితే లక్ష తేడాలో పెద్దగా మిగలదు. 'నంబరు మార్చక్కర్లేదు సార్, అందరూ ఇలాగే తిరుగుతున్నారు' అనేవాళ్ల మాట వినకండి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే నంబరు మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది.

మీటరు 48 వేలే చూపిస్తోంది. నమ్మొచ్చా?

మీటరుని కాదు, కారుని అడగండి. పదేళ్ల బండి 48 వేలు తిరిగిందంటే ఏడాదికి ఐదు వేలు కూడా లేదు. రిటైరైన పెద్దాయన కారు అయితే సాధ్యమే. అలాంటప్పుడు క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్ల మీద గీతలు ఇంకా కనిపించాలి, స్టీరింగ్ తోలు గరుగ్గా ఉండాలి, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగి ఉండకూడదు.

నేను చూసిన ఒక బండికి మీటరు 52 వేలు. స్టీరింగ్ మీద, గడియారంలో పది అంకె ఉండే చోట, అద్దంలా మెరుస్తోంది, క్లచ్ పెడల్ రబ్బరు బోడిగుండు. బ్రోకర్ మాత్రం 'డాక్టర్‌గారి బండి సార్' అన్నాడు. డాక్టర్‌గారు అంబులెన్స్ నడిపారేమో. రికార్డు కావాలంటే ఓనర్‌ని వెంటపెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. బండి నంబరు కొడితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసైందో కనిపిస్తుంది. తర్వాతి తేదీకి కిలోమీటర్లు తగ్గితే మీటరు తిప్పినట్టే.

## బండి చూడటానికి వెళ్లినప్పుడు

మెకానిక్ దొరకలేదు. నా అంతట నేను ఏం చూడగలను?

పొద్దున్నే వెళ్లండి, 'మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు' అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించాలి. చల్లటి ఇంజిన్ మొదటి ఐదు సెకన్లలో చెప్పే నిజం తర్వాత అరగంట నడిపినా చెప్పదు. స్టార్ట్ కాగానే గొలుసు ఈడ్చినట్టు గరగర వినిపించి ఆగకుండా ఉంటే టైమింగ్ చైన్ మీద అనుమానం. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. చలి పొద్దున కాస్త తెల్లటి ఆవిరి మామూలే.

ఇంజిన్ వేడెక్కాక అది నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీదే బోర్లా పెట్టండి. సన్నగా వణికితే సరే. మూత ఎగిరి పడేలా పొగ తన్నుకొస్తే షెడ్డు భాషలో 'బ్యాక్ కంప్రెషన్', అంటే పిస్టన్ రింగులు అరిగాయి. మూత లోపల మజ్జిగలాంటి నురగ ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. ఇవన్నీ బాగున్నా, డబ్బులిచ్చే ముందు వెయ్యో రెండు వేలో ఇచ్చి మెకానిక్ చేత లిఫ్ట్ మీద చూపించండి.

యాక్సిడెంట్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

బానెట్, తలుపుల బోల్టులు చూడండి. ఫ్యాక్టరీలో బోల్టు మీద కూడా రంగు పడుతుంది. స్పానర్ పెడితే ఆ రంగు మూలల్లో లేస్తుంది. అద్దాల మూలల్లో తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది, ఒక అద్దం మాత్రం తేడాగా ఉంటే ఎందుకు మార్చారని అడగండి. తలుపుల రబ్బరు బీడింగు కాస్త లాగి చూస్తే లోపల ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో ఉండాలి. టింకరింగ్ చేసిన చోట అవి ఉండవు, లేదా చేత్తో పెట్టినట్టు వంకరగా ఉంటాయి.

బంపర్, ఫెండర్ రంగు వేయించడం మన ఊళ్లలో మామూలే, దానికి కంగారు పడొద్దు. పిల్లర్ (పైకప్పుని మోసే స్తంభం), చాసిస్ ముందు కొమ్ములు, డిక్కీ నేల, ఈ మూడింట్లో పని కనిపిస్తే ధర తగ్గిస్తామన్నా వద్దు.

వరదలో మునిగిన కారేమో అని భయంగా ఉంది. ఎలా పట్టుకోవాలి?

భయపడటంలో తప్పు లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో అందరం చూశాం. అవన్నీ తుక్కుకి పోలేదు.

సీటు బెల్టుని పూర్తిగా, చివరిదాకా బయటికి లాగండి. కడిగేవాళ్లు పైన కనిపించే రెండడుగులు కడుగుతారు, లోపల చుట్టుకుని ఉన్న భాగంలో బురద గీత అలాగే ఉంటుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల సాకెట్లలో ఆకుపచ్చ చిలుము చూడండి. ఏసీ ఆపి అద్దాలు మూసి పది నిమిషాలు ఎండలో నిలిపి తలుపు తీస్తే పాత గోనెసంచి వాసన వస్తుందా? పాత కారులో కార్పెట్టు ఒక్కటే సరికొత్తగా ఉన్నా ఆగి ఆలోచించాలి. వైరింగు, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఇలాంటి బండికి రిపేరు అంచనా అనేదే ఉండదు.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం గమనించాలి?

కనీసం అరగంట మీరే నడపండి. గుంతల రోడ్డు, ఎక్కువ స్పీడ్ బ్రేకర్లు, ఒక ఫ్లైఓవర్ ఎక్కుడు ఉండాలి. పాటలు, ఏసీ ఆపేయండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు పోయింది, ఒక వైపు 3,500 నుంచి 6,000. మూడో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ అరుస్తోంది కానీ బండి లేవడం లేదంటే క్లచ్ అయిపోయింది. చివరగా ఏసీ వేసి ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబెట్టి, చల్లదనం తగ్గుతోందేమో చూడండి.

బయట వేయించిన సీఎన్జీ కిట్ ఉంది. పర్లేదా?

ఆర్సీలో ఇంధనం దగ్గర పెట్రోల్ / సీఎన్జీ అని ఎక్కితేనే. ఎక్కకపోతే క్లెయిమ్ వచ్చిన రోజు ఇన్సూరెన్స్‌వాళ్లు చెయ్యి ఎత్తేస్తారు. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్ల ప్రెజర్‌తో చేసే పరీక్ష) తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ అడగండి.

## డబ్బులిచ్చే రోజు

ఏ కాగితాలు తీసుకోవాలి?

ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఓనర్ సంతకం పెట్టిన ఫారం 29, ఫారం 30 (పేరు మార్పు ఫారాలు), ఆయన ఆధార్, పాన్ కాపీలు. లోన్ మీద కొన్న బండైతే బ్యాంకు ఎన్‌వోసీ, ఆర్సీలో లోన్ తీయించే ఫారం 35. వేరే రాష్ట్రమైతే ఆర్టీవో ఎన్‌వోసీ కోసం ఫారం 28. రెండో తాళంచెవి మర్చిపోకండి.

ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద మీరే చూసి సరిపోల్చండి. ఈ-చలాన్ సైటులో నంబరు కొట్టి పెండింగ్ చలాన్లు ఓనర్ చేతే కట్టించండి. మీ పేరు మీదికి మార్పించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఫారాల మీద సంతకాలున్నాయి కదా అని బీరువాలో పెట్టి కూర్చుంటే పాత ఓనర్ అమెరికా వెళ్లిపోతాడు, మా తోడల్లుడి బండికి సరిగ్గా అదే జరిగింది.

ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది. అలాగే వాడుకోవచ్చా?

కుదరదు. కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరుకి మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ భాగం (ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చేది) బండితో పాటే వస్తుంది కానీ, మీ కారుకి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం పాత ఓనర్ పేరు మీదుంటే మీకు పైసా రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా మనిషిది, బండిది కాదు. ఆ తేడా ప్రీమియం మీరు కట్టాలి.

## మొదటి నెలలో

కొన్న వెంటనే ఏమేం మార్పించాలి?

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్. 'మొన్ననే చేయించాం' అంటే నవ్వి ఊరుకుని మళ్లీ చేయించండి. పెట్రోల్‌కు స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కు డీజిల్ ఫిల్టర్ కలిపి 5,000 నుంచి 7,500 అవుతుంది. అక్కడి నుంచి మీ లెక్క మొదలు: పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది.

గేరు ఆయిల్ గురించి ఎవరూ అడగరు, ఎవరూ మార్చరు. 1,200 నుంచి 1,800 పెడితే పొద్దున పూట మొరాయించే గేర్లు చాలాసార్లు దారికొస్తాయి.

టైర్లు గట్టిగానే కనిపిస్తున్నాయి. మార్చాలా?

టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడిపోతుంది, వానలో బ్రేకు వేస్తే జారుతుంది. కింది వేరియంట్లకు 14 అంగుళాల టైరు, ఒకటి 4,000 నుంచి 5,000. పై వేరియంట్ 15 అంగుళాలది, ఒకటి 5,000 నుంచి 6,500. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు వేరే.

పొద్దున స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీయేనా?

ముందు మల్టీమీటరు పెట్టించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టులు ఉంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమో బాగుంది, చాలావరకు బ్యాటరీదే తప్పు. పెట్రోల్ బండికి కొత్తది 4,000 నుంచి 5,500, పాతది తిరిగిస్తే. వోల్టులు 13 దాటకపోతే డైనమో, రిపేరు 2,000 నుంచి 3,500. రెండూ బాగుండి రాత్రికి రాత్రే దిగిపోతుంటే బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా వైర్లను అనుమానించండి.

## నడుపుతుంటే వచ్చే జబ్బులు

గుంతల్లో ముందు నుంచి టకటక శబ్దం. షాకబ్జర్లు పోయాయంటున్నారు. నిజమా?

ఈ కారు మీద నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. నేను మోసపోయిందీ ఇక్కడే.

ఎడమ వైపు, చిన్న చిన్న గతుకుల మీద టకటక. పెద్ద గుంతలో పడితే రాదు. మొదటి షెడ్డులో మెకానిక్ బండి ఎక్కకుండానే, నేను ఎలా వస్తుందో నోటితో శబ్దం చేసి చూపిస్తే విని, 'షాకబ్జర్లు సార్' అన్నాడు. రెండూ మార్చాడు, 6,500. ఇంటికి వచ్చే దారిలో మొదటి స్పీడ్ బ్రేకర్ దాటగానే అదే టకటక. మళ్లీ వెళ్తే 'కొత్తవి కదా, సెట్ అవ్వాలి' అన్నాడు. రెండు వారాలైనా సెట్ అవ్వలేదు.

ఇంకో షెడ్డులో ఒక పెద్దాయన ఏమీ మాట్లాడకుండా పక్క సీట్లో కూర్చుని, వీధి చివరిదాకా నడపమన్నాడు. తిరిగొచ్చాక స్టీరింగ్ తిప్పించి, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి సన్నటి కడ్డీని పట్టుకుని ఊపాడు. నా చేతిని కూడా అక్కడ పెట్టించాడు. బొటనవేలి కింద జాయింటు ఆడుతోంది. లింక్ రాడ్. పార్టు, లేబర్ కలిపి 700 రూపాయలు.

కాబట్టి లెక్క ఇలా. చిన్న గతుకుల్లో టకటకమంటే ముందు లింక్ రాడ్లు, ఒకటి 600 నుంచి 900. బ్రేకు వేసినప్పుడు, వదిలినప్పుడు 'డబ్'మంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఆర్మ్ మొత్తం మారిస్తే ఒక వైపు 1,800 నుంచి 2,800. స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు తెగినట్టు చప్పుడైతే స్ట్రట్ మౌంటు బేరింగు, 1,200 నుంచి 2,000. షాకబ్జరు పోతే శబ్దం కన్నా ముందు ఆయిల్ కారిన జిడ్డు కనిపిస్తుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంది. జిడ్డు చూపించనిదే వాటి మీద చెయ్యి వేయనివ్వకండి.

స్టీరింగ్ బరువైంది, లేదా కటకటమంటోంది. రాక్ మార్చాలా?

ఇందులో ఉన్నది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఆయిల్ ఉండదు. కాబట్టి 'స్టీరింగ్ ఆయిల్ మార్చాలి' అన్న షెడ్డు నుంచి బయటికి వచ్చేయండి. డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ లైటు వెలిగి బరువైతే చాలాసార్లు బ్యాటరీ వోల్టేజీ పడిపోవడమో కనెక్టరు వదులు కావడమో. కటకట అయితే టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ షాఫ్ట్ జాయింటు చూపించాకే రాక్ (చక్రాలను పక్కకి తిప్పే అసలు భాగం) మాట ఎత్తాలి. రాక్ రిపేరు 3,500 నుంచి 5,000, కొత్తది పదివేలు దాటుతుంది.

క్లచ్ ఎన్ని వేలకు పోతుంది, ఎంతవుతుంది?

నడిపే కాలుని బట్టి. ట్రాఫిక్‌లో క్లచ్ పెడల్ మీద పాదం ఆనించి నడిపేవాళ్లకు 40 వేలకే, హైవే బండ్లకు లక్ష దాకా. పెట్రోల్‌కు 7,000 నుంచి 10,000, డీజిల్‌కు 11,000 నుంచి 16,000. క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకోవాలనుకోకండి. గేర్‌బాక్స్ దింపడానికే సగం లేబర్. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి వేయించండి.

ప్రతి ఎండాకాలం ఏసీ గ్యాస్ నింపించాల్సి వస్తోంది. ఎందుకు?

గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు వెతక్కుండా 1,500 నుంచి 2,500 తీసుకుని నింపి పంపేవాడు వచ్చే ఏప్రిల్‌లో మీరు మళ్లీ వస్తారని తెలిసే పంపుతున్నాడు. ముందు నైట్రోజన్ ప్రెజర్ పెట్టి, సబ్బు నురగతో జాయింట్లు చూడమనండి. పైపు రింగులైతే కొన్ని వందలతో పోతుంది. కండెన్సర్ 5,000 నుంచి 8,000. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ అయితే 5,000 నుంచి 8,500, అందులో లేబరే ఎక్కువ. కంప్రెసర్ కొత్తది 15,000 పైమాటే.

బండి కదులుతుంటే చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడి గాలి వస్తే లీకు కాదు, కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.

బండి వేడెక్కి ఎర్ర గుర్తు వచ్చింది. ఇంటిదాకా మెల్లగా వెళ్లిపోవచ్చా?

వద్దు. పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. రేడియేటర్ మూత అరగంట దాకా ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి తన్నుతాయి. ఫ్యాన్ మోటారు, రిలే, థర్మోస్టాట్, పైపు, వీటిలో ఏదైనా 600 నుంచి 3,500లో అయిపోతుంది. రేడియేటర్ 3,500 నుంచి 6,000. 'ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా' అని లాగితే హెడ్ గ్యాస్కెట్ కాలి, హెడ్డు వంగి, 15,000 నుంచి 25,000. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయకండి, మన నీళ్లలో సున్నం ఎక్కువ.

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది. పెద్ద ఖర్చా?

చాలాసార్లు కాదు. స్కానర్ పెట్టి కోడ్ చదివించండి, 300 నుంచి 500. పెట్రోల్‌కు థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) మసి పేరుకుంటే ఇలాగే ఉంటుంది, శుభ్రం చేయడానికి 600 నుంచి 1,200. నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయకుండా బండి వణుకుతుంటే ఇగ్నిషన్ కాయిల్, ఒకటి 1,500 నుంచి 2,500. కోడ్ చదవకుండా సెన్సర్ మార్చేద్దామంటే ఒప్పుకోకండి.

ఆయిల్ తగ్గుతోంది. ఇంజిన్ పని చేయించాలా?

వెయ్యి కిలోమీటర్లకు ఎంత తగ్గుతోందో ముందు కొలవండి. డిప్‌స్టిక్ మీద గుర్తు పెట్టుకుని, చదునైన చోట, పొద్దున్నే. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ దగ్గర చెమర్చడం 800 నుంచి 1,500తో పోయే పని. నీలం పొగతో అరలీటరుకు మించి తాగుతుంటే రింగుల పనో, వాల్వ్ సీల్స్ పనో ఉన్నట్టు. పూర్తి ఇంజిన్ పని పెట్రోల్‌కు 35,000 నుంచి 60,000. అంత పెట్టే ముందు కంప్రెషన్ టెస్ట్ రీడింగు కాగితం మీద రాయించుకోండి, నాలుగు సిలిండర్లకూ.

డీజిల్ బండి పికప్ తగ్గింది, నల్ల పొగ వస్తోంది. టర్బో పోయిందా?

'టర్బో పోయింది' అనేది తేలిగ్గా నోటికొచ్చే మాట. ముందు ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ పైపులు చూడండి. పైపు చీలి గాలి లీకైనా ఇవే లక్షణాలు. తర్వాత ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) శుభ్రం, 1,500 నుంచి 2,500. ఆ తర్వాతే టర్బో. రిపేరు 8,000 నుంచి 15,000, కొత్తది దానికి రెట్టింపు. ఇంజెక్టర్లు అనుమానమైతే నాలుగూ టెస్ట్ బెంచి మీద పెట్టించి రిపోర్టు చూసి, పోయినదాన్నే బాగు చేయించండి.

ఈ ఇంజిన్‌కి ఆయిల్ ఆలస్యం పనికిరాదు. టైమింగ్ చైన్‌ని బిగువుగా ఉంచేది ఆయిల్ ప్రెజరే. ఆయిల్ తగ్గించి, గడువు దాటించి నడిపిన బండ్లలో చైన్ జారి వాల్వులు వంగుతాయి. బిల్లు అరవై వేల నుంచి మొదలు.

బ్రేకు వేస్తే కీచుమంటోంది.

ముందు ప్యాడ్లు. సెట్టు 1,500 నుంచి 2,500. ప్యాడ్ అరిగి ఇనుము డిస్కుని గీరేదాకా ఆగితే డిస్కులకు ఇంకో 3,000 నుంచి 5,000. వెనక డ్రమ్ములు విప్పి దుమ్ము దులిపించడం అందరూ మర్చిపోతారు.

ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్ల పాత స్విఫ్ట్ పాడవుతుందా?

రాత్రికి రాత్రి ఏమీ కాదు. ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా మూడో వంతు శక్తి తక్కువ, అందుకే మైలేజీ కొంత పడుతుంది. ఈ బండ్లు ఈ20 కోసం చేసినవి కావు కాబట్టి పదేళ్ల రబ్బరు పైపుల మీద కన్నేసి ఉంచాలి. ఏడాదికోసారి ఫ్యూయల్ పైపులు చూపించండి, చీలికలుంటే మార్చండి. ఇథనాల్ తేమ పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి కదలకుండా నిలబెట్టకండి.

## షెడ్డు, పార్టులు

కంపెనీ సర్వీస్ సెంటర్‌కా, బయటి షెడ్డుకా?

నేను రెండూ వాడతాను. స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, వైరింగు పనులకు కంపెనీ. సస్పెన్షన్, క్లచ్, బ్రేకులు, ఏసీకి బయట. కంపెనీలో అరిగిన బుష్ ఒక్కటి మార్చరు, ఆర్మ్ మొత్తం మారుస్తారు. బయట బుష్ మారుస్తారు కానీ వారంటీ ఆయన నోటిమాటే. ఎక్కడికెళ్లినా తీసిన పాత పార్టు డిక్కీలో పెట్టమనండి. ఆ ఒక్క మాటతో బిల్లులో రెండు మూడు వరసలు మాయమవడం నా కళ్లారా చూశాను.

పార్టులు నేనే కొనుక్కెళ్తే చవకా?

కొంత. హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్‌లో ఈ కారుకి దొరకని పార్టు ఉండదు. ఆర్సీ ఫోటో, పాత పార్టు రెండూ తీసుకెళ్లండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత ధరల పట్టిక చూపిస్తే ఎందుకని అడగండి. బ్రేకు ప్యాడ్లు, ఆయిల్ ఫిల్టరు డూప్లికేటువి అస్సలు వద్దు. తలుపు, అద్దం, హెడ్‌లైటు లాంటివి తుక్కు బండి నుంచి తీసినవైనా పర్లేదు.

## ఎంతకాలం ఉంచుకోవాలి

15 ఏళ్లు నిండితే కారు తుక్కేనా?

తెలుగు రాష్ట్రాల్లో కాదు. ఫిట్‌నెస్ పాసైతే ఆర్సీని ఐదేళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి రెన్యువల్ ఫీజే 5,000. గ్రీన్ ట్యాక్స్ అదనం. టింకరింగ్, పెయింటింగ్, లైట్లు సరిచేయించి పంపడానికి ఇంకో పదీ పదిహేను వేలు పక్కన పెట్టుకోండి.

45 వేల రిపేరు చెప్పారు. చేయించాలా, అమ్మేయాలా?

రిపేరు చేయించాక కారు ధర పెరగదు, అది ముందే ఒప్పుకోవాలి. నేనైతే రెండు చూస్తాను. ఒకటి, బాడీ. పిల్లర్ల అడుగున, తలుపుల కింద తుప్పు మొదలైతే ఇంజిన్‌కి డబ్బు పెట్టను. రెండు, గత రెండేళ్ల బిల్లులు. ఆయిల్, టైర్లు, బ్యాటరీ తీసేసి మిగతావి కూడితే ఏడాదికి 25 వేల లోపు ఉంటే చేయిస్తాను. అదే డబ్బుకి ఇంకో పాత కారు తెస్తే దాని జబ్బులు తెలుసుకోవడానికే ఇంకో నలభై వేలవుతుంది. మా బండికి పోయిన దసరా ముందు క్లచ్, ముందు సస్పెన్షన్ కలిపి 19 వేలైంది. ఇప్పుడు మీటరు మీద 1,12,000. లింక్ రాడ్ మళ్లీ టకటకమంటోంది, ఈసారి కుడి వైపు.